కూలరులో బూజు

ఏప్రిల్ నెల. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో కోతలు మొదలయ్యాయి. ఆ ఇంటి కోడలు రోజూ తోటకు పనికి పోతోంది. పెట్టెల్లో వరిగడ్డి పరిచి కాయలు పేర్చడం ఆమె పని. అయిదేళ్ల కొడుకును అత్త చూసుకుంటుంది.

ఎండలు ముదిరాయి. వాళ్లది రేకుల ఇల్లు. పగలంతా పొయ్యిలా కాలుతుంది. మూలనున్న కూలరు బయటకు తీశారు. నీళ్లు పోసి స్విచ్చి వేశారు. చల్లగాలి వచ్చింది. దాంతోపాటు ముక్కిన వాసన కూడా వచ్చింది.

"నిరుడు తడితోనే మూలన పెట్టాం గదా! రెండ్రోజులు తిరిగితే అదే పోతుందిలే" అంది అత్త.

వాసన పోలేదు. నాలుగో రోజు నుంచి పిల్లాడికి తుములు, దగ్గు పట్టుకున్నాయి. రాత్రయితే గొంతులో పిల్లికూతలు.

"మామిడిపండు వేడి చేసింది" అంది అత్త. పండు మాన్పించారు. అయినా దగ్గు తగ్గలేదు. కోడలికి రెండు రోజుల కూలి పోయింది.

ఆ వీధికి ఆశా కార్యకర్త వచ్చింది. సంగతి విన్నది.

"దగ్గు ఎప్పుడు ఎక్కువ?" అని అడిగింది.

"రాత్రిపూట అక్కా."

"బాబు ఎక్కడ పడుకుంటాడు?"

"కూలరు ముందే."

ఆమె ప్లగ్గు పీకించింది. కూలరు పక్క తలుపు తీయించింది. లోపల గడ్డి నల్లగా ఉంది. తొట్టి అడుగున పాచి జారుతోంది.

కోడలు వంగి చూసింది. "అక్కా, మా తోటలో మామిడాకులకు మసి తెగులు పడుతుంది. అచ్చం అట్టాగే ఉంది!" అంది.

"తడి గరిటె పెడితే ఆవకాయ మీదా ఇట్టాగే బూజు కడుతుంది" అంది అత్త.

"మీరిద్దరూ చెప్పింది నిజమే. ఇవన్నీ బూజు జాతివే" అంది ఆశా కార్యకర్త. "బూజుకు విత్తనాల్లాంటి సన్నని రేణువులు ఉంటాయి. అవి కంటికి కనపడవు. గాలిలో తిరుగుతుంటాయి. తడి, తిండి దొరికిన చోట మొలుస్తాయి. కూలరు గడ్డి తడిగా ఉంటుంది. ఆ గడ్డే వాటికి తిండి. ఫ్యాను తిరిగితే రేణువులు గదంతా చిమ్ముతాయి. ఊపిరిలోకి పోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు దీనివల్ల ఆయాసం పెరుగుతుంది."

"అయితే కూలరు కడిగితే చాలా?" అంది కోడలు.

"చాలదు. ముందు బాబును డాక్టరుకు చూపించండి. పిల్లికూతలు వస్తే ఇంట్లో కూర్చోకూడదు."

మర్నాడు పిల్లాణ్ణి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. మందులు రాయించుకొచ్చారు. సాయంత్రం అత్తాకోడళ్లు కలిసి కూలరు శుభ్రం చేశారు.

ఎలా శుభ్రం చేయాలి?

1. ముందు స్విచ్చి ఆపాలి. పొడి చేతులతో ప్లగ్గు పీకాలి. కూలరులో నీళ్లు పోసేటప్పుడు కూడా ఇలాగే చేయాలి. ఇనప రేకు కూలరుకు ఎర్తు తప్పకుండా ఉండాలి. లేకపోతే షాకు కొట్టి ప్రాణం పోవచ్చు.

2. కూలరును వాకిట్లో పెట్టాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

3. నల్లబడిన గడ్డి కడిగినా బాగుపడదు. దాన్ని తీసేసి కొత్త గడ్డి పెట్టాలి.

4. తొట్టి నీళ్లు పారబోయాలి. సబ్బు పొడి వేసి బ్రష్షుతో గట్టిగా రుద్దాలి. మోటారు మీద, వైర్ల మీద నీళ్లు పడనీయరాదు.

5. లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచా బ్లీచింగ్ పౌడరు కలపాలి. ఆ నీళ్లతో తొట్టి తుడవాలి. పది నిమిషాల తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. బ్లీచింగులో యాసిడ్ గానీ, నిమ్మరసం గానీ కలపరాదు. విషవాయువు పుడుతుంది.

6. తడి లేకుండా ఎండలో ఆరబెట్టాలి.

మళ్లీ బూజు రాకుండా

వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టాలి. శుక్రవారం పెట్టుకుంటే గుర్తుంటుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. డెంగీ దోమ ఇలాంటి నిలవ నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోస్తే అవి పోవు. రుద్దితేనే పోతాయి.

కూలరు ఆపే ముందు నీటి మోటారు ఆపాలి. ఫ్యాను మాత్రం అరగంట తిరగనివ్వాలి. గడ్డి ఆరుతుంది.

కూలరు వేసినప్పుడు ఒక కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూస్తే గదిలో చెమ్మ పెరుగుతుంది. గోడలకూ బూజు పడుతుంది.

ఫ్రిజ్ ఉన్నవాళ్లు తలుపు రబ్బరు మడతలు తుడుస్తూ ఉండాలి. అక్కడ కూడా నల్ల బూజు పడుతుంది.

జూన్‌లో వానలు పడ్డాయి. కూలరుతో పని తీరింది. అత్త దాన్ని కడిగించింది. గడ్డి తీసి ఎండబెట్టింది. పాత చీర కప్పింది.

"ఆవకాయ జాడీ అయినా, కూలరయినా ఒకటేనే అమ్మాయ్! తడి ఉంటే చెడుతుంది" అంది. కోడలు నవ్వింది.

ఆలోచించండి, రాయండి

1. పిల్లాడి దగ్గుకు అత్త ముందు ఏ కారణం చెప్పింది?
2. బూజు ఎలాంటి చోట పెరుగుతుంది?
3. కూలరు ముట్టుకునే ముందు ఏం చేయాలి?
4. మీ ఇంట్లో తడి నిలిచే చోట్లు ఏవి? నాలుగు రాయండి.