హాకీ హోరులో చెవులు జాగ్రత్త

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. మొన్న వాళ్లతో కలిసి ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లొచ్చాక రాత్రంతా చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. పొద్దుటికి తగ్గింది. ఈసారి ఆరేళ్ల మనవరాలినీ తీసుకెళ్దామంటున్నారు. ప్రమాదమా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ మోత మీ చెవి చేసిన హెచ్చరిక. ఐస్ హాకీ ఆడేది పైకప్పున్న స్టేడియంలో. మంచు, గోడలు, అద్దాలు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. కేకలు చాలవన్నట్టు గోల్ పడగానే హారన్! 2006 స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో ఎడ్మంటన్‌లో జరిగిన మూడు మ్యాచ్‌ల్లో పరిశోధకులు ప్రేక్షకుల చెవి దగ్గర కొలిస్తే, సగటున 100 నుంచి 104 డెసిబెల్స్ తేలింది.

85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండొద్దని అమెరికా సంస్థ నియోష్ చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. లెక్కేస్తే 100 దగ్గర మిగిలేది పావుగంటే. మ్యాచేమో రెండు గంటల పైమాటే.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. అలసినవి కోలుకుంటాయి, చచ్చినవి మళ్లీ పుట్టవు.

వెళ్లడం మానక్కర్లేదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెట్టండి. అది ఉబ్బేదాకా వేలితో ఆపి ఉంచండి. పాపకు పిల్లల సైజు ఇయర్‌మఫ్ మేలు. దూది పనికిరాదు. ఎప్పుడైనా మోత రెండు రోజులు దాటినా, వినికిడి మందగించినా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.