ఫిల్టరు మీద కూడా ఓ కన్నేసి ఉంచు చెల్లీ

ఏమ్మా చెల్లీ, వంటింటి గోడకున్న ఆ ఫిల్టరు మూత తీసి చూసి ఎన్నాళ్లయింది? నీళ్లు వస్తున్నాయి కదా, బాగానే ఉందిలే అనుకుంటాం. మునిసిపాలిటీ నీళ్లయితే ముందే శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. మన బోరు నీళ్లకి, బావి నీళ్లకి అలా చూసేవాళ్లు ఎవరూ లేరు. నేలలో ఏది కరిగి ఉంటే అది నేరుగా మన ట్యాంకులోకి వచ్చేస్తుంది. ఇంటిల్లిపాదినీ కాచే భారమంతా ఆ ఒక్క పెట్టె మీదే.

అందుకే "ఏడాదికోసారి మార్చాలమ్మా" అనే మాట నాకు నచ్చదు. ఏ ఊరి నీళ్లు, ఇంట్లో ఎంతమంది అని చూడకుండా గడువు ఎలా చెప్తారు? ముందుగా బయటి గిన్నెలో తెల్లటి స్పన్ ఫిల్టరు ఉంటుంది చూడు, మట్టినీ తుప్పునీ ఆపేది అదే. ఇనుము ఎక్కువున్న బోరైతే రెండు మూడు నెలలకే ఇటుక రంగుకి తిరుగుతుంది. కొందరు దాన్ని కడిగి మళ్లీ పెట్టేస్తారు. వద్దు తల్లీ. పైకి తెల్లబడినా లోపలి పొరల్లో మురికి అలాగే ఉంటుంది. దాని ధర ఏమంత ఎక్కువ కాదు. అక్కడ పొదుపు చేస్తే ఆ మురికంతా పోయి, నీళ్లలో కరిగిన లవణాల్ని ఆపే ఖరీదైన ఆర్వో మెంబ్రేన్‌కి పడుతుంది. మార్చే రోజున గిన్నె లోపలి జిగురు కూడా కడిగించు, రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకో.

మెంబ్రేన్ ఎప్పుడు మార్చాలో సర్వీసు అబ్బాయి చెప్పేదాకా ఆగక్కర్లేదు. కరిగిన లవణాలు మొత్తం ఎంతున్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కో. కొత్త మెంబ్రేన్ పెట్టినప్పుడు లోపలికి వెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండూ కొలిచి అలమర తలుపుకి రాసి అంటించు. బోరు నీళ్లు 1200 చూపిస్తే, ఫిల్టరు నీళ్లు 100 దరిదాపుల్లో ఉండాలి. నెలకోసారి చూస్తూ ఉండు. అది 250 దాటిందంటే మెంబ్రేన్ పని అయిపోయినట్టే. అలా పెరగకుండానే మార్చమంటే, ఎందుకో గట్టిగా అడుగు. నువ్వు అడగాలి కూడా.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా ఫిల్టర్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఒకటి ఉంటుంది. నీళ్లు చప్పగా ఉన్నాయని అంటే దాన్ని కాస్త తిప్పి వెళ్తారు. రుచి వస్తుంది, నిజమే. కానీ ఆ రుచి మెంబ్రేన్ దాటని నీళ్లు కలిస్తే వచ్చింది, మీటరులో అంకె పెరిగేదీ అందుకే. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఆ మర పూర్తిగా కట్టేయించాల్సిందే.

ఫ్లోరైడ్ మనకి కొత్త కష్టం కాదమ్మా. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి డాక్టర్లు 1937లోనే రాశారు. నల్గొండ పేరుతో నీటి శుద్ధి పద్ధతే ఉంది, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించేది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. దానికి రంగు లేదు, వాసన లేదు. కాస్తే పోదు, నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు ఆపలేదు. టీడీఎస్ మీటరు కూడా విడిగా చూపలేదు. నైట్రేట్ కూడా అంతే. డబ్బా పాలు కలిపే పసిబిడ్డ ఉన్న ఇంట్లో అది మరీ ప్రమాదం.

ఇంకోటి. వానలకి బావిలో బ్లీచింగ్ పౌడరు వేయిస్తాం కదా, ఆ వాసన పోయేదాకా ఫిల్టరుకి నీళ్లొచ్చే కుళాయి కట్టేసి, ముందే పట్టి ఉంచుకున్న నీళ్లు వాడుకో. కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ని ఆపుతుంది గానీ, పాతబడితే వదిలేస్తుంది. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ దెబ్బతింటుంది. కొత్త కార్బన్ వేయించినప్పుడు మొదట నల్లటి పొడి వస్తుంది, ఆ నీళ్లు పారబోయించు. క్రిముల్ని చంపే యూవీ దీపం వెలుగుతోంది కదా అని ఊరుకోకు, వెలుగుతూనే శక్తి తగ్గిపోతుంది. ఏడాది దాటితే మార్పించు. సెలవులకి ఊరెళ్లి వస్తే, నిల్వ ఉన్న నీళ్లన్నీ వదిలేశాకే తాగండి.

ఇన్ని చెప్పినా, నీ బోరులో ఏముందో తెలియకపోతే నీకు ఏ ఫిల్టరు కావాలో కూడా తెలియదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేస్తారు. ఈ వారంలోనే వెళ్లు చెల్లీ. ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్రిములు, నాలుగూ చూడమని పేరు పెట్టి అడుగు. క్రిముల పరీక్షకి మాత్రం ల్యాబు వాళ్ల దగ్గరే శుభ్రం చేసిన సీసా తీసుకో, ఇంట్లో సీసా పనికిరాదు.