వ్యాయామవిద్యా చరిత్ర సంగ్రహము

1. వ్యాయామమనగా గోదాలోని మల్లుల పట్లనియు, సైనికుల కవాతనియు దలంచుట వాడుక. పలుదేశముల చరిత్రమును బరిశీలించినచో, నిది ప్రజారోగ్యమున నొక భాగమనియు, ఆహారముతోడను వైద్యపరీక్షతోడను గూడినప్పుడే బాలబాలికలకు మేలొనర్చుననియు దెలియగలదు.

2. ప్రాచీన గ్రీసుదేశమున స్పార్టా రాజ్యము బాలురను ఏడవయేట నింటినుండి గొనిపోయి యుద్ధమునకై కఠినశిక్షణ మొసంగెను. ఏథెన్సునందలి వ్యాయామశాలలు దేహమునకే గాక బుద్ధికిని శిక్షాస్థానములయ్యెను. క్రీ. శ. 2వ శతాబ్దమున గేలెను వైద్యుడు వృత్తిమల్లుల యతిభోజనమును, అతిశ్రమను నిరసించి, చిన్నబంతితో నాడు మితవ్యాయామమును మెచ్చుకొనెను. భారతదేశమున సుశ్రుతుడు తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలయునని విధించెను. ఆకలిదప్పులు గలవారు వ్యాయామమును విడువవలయునని చరకసంహిత చెప్పుచున్నది.

3. వ్యాయామము పాఠశాలలలో బాఠ్యాంశమగుట యిటీవలిది. 1811లో యాన్ అను నుపాధ్యాయుడు బెర్లినునగరము వెలుపల బహిరంగ వ్యాయామస్థలమును స్థాపించెను. 1813లో స్వీడనుదేశమున లింగు స్టాక్‌హోములో శిక్షణాలయమును నెలకొల్పి, శరీరశాస్త్రము ననుసరించిన యభ్యాసములను వ్యాపింపజేసెను.

4. ఇంగ్లండు చరిత్రము స్థానికాధికారులకు ముఖ్యముగా గమనింపదగినది. 1899లో బోయరుయుద్ధము ప్రారంభము కాగా, సైన్యమున జేరవచ్చిన పట్టణవాసులలో బెక్కుమంది దేహదార్ఢ్యము లేక నిరాకరింపబడిరి. మాంచెస్టరున 11,000 మందిలో 8,000 మంది పనికిరారైరని నాడు ప్రకటింపబడెను. 1902లో బాఠశాలలకు సైనికకవాతును బోలిన శిక్షణ నిర్దేశింపబడెను; అది పిల్లల దేహములకు దగినది కాదని విమర్శలు పుట్టెను. 1904లో ఒక విచారణసంఘము, జాతి వంశపారంపర్యముగా క్షీణించుచున్నదనుటకు ఆధారము లేదనియు, పేదరికము, చాలని తిండి, ఇరుకిండ్లు కారణములనియు నివేదించెను. తరువాత 1906లో బడిపిల్లలకు భోజనమిడు నధికారమును స్థానికసంఘముల కొసంగిన చట్టమును, 1907లో వైద్యపరీక్షను విధించిన చట్టమును వెలువడెను. 1909లో లింగుపద్ధతి ననుసరించిన క్రొత్త పాఠక్రమము వచ్చెను. అయితే భోజనచట్ట మధికారము నిచ్చెనే కాని విధిగా జేయలేదు. కావున మొదట గొన్ని సంఘములే దాని నాచరణమునకు దెచ్చెను. చట్టమొక్కటియే యైనను, ఒక పట్టణపు పిల్లవాడు తినెను, వేఱొక పట్టణపు పిల్లవాడు పస్తుండెను.

5. తెలుగునాట సాముగరిడీలు, తాలింఖానాలు పూర్వమునుండి యుండెను. కాని యవి యిష్టము గల యువకులకే. 1920లో మద్రాసునందు హారీ క్రో బక్ క్రైస్తవ యువజన సంఘము పక్షమున వ్యాయామోపాధ్యాయుల శిక్షణాలయమును స్థాపించెను. ఆ యేడే మద్రాసు కార్పొరేషను థౌజండులైట్సు ప్రాంతపు పాఠశాలలో బిల్లలకు ఫలాహార మిడుటకు దీర్మానించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆటస్థలమును, మధ్యాహ్నభోజనపు వంటగదిని ఒకే యనుబంధమున బేర్కొనినది.

6. కావున బడిలో వ్యాయామము నేర్పాటుచేయు నధికారి ముందుగా విచారింపవలసినవి నాలుగు గలవు: పిల్లలు తిని వచ్చిరా, వైద్యపరీక్షలో లోపము కనబడినవారికి జికిత్స దొరకెనా, ఆటస్థలమున ముండ్లు, గాజుపెంకులు, మురుగునీరు లేకుండెనా, బాలికలకు సమానముగా వేళయు జోటును గలవా. వీనిని విచారింపక హాజరుపట్టీలో వ్యాయామపు గంటను నిండించుటవలన లెక్క సరిపోవును గాని పిల్లవాని బలము పెరుగదు.