‘తర్వాత చూద్దాం’కు ఒక తేదీ పెట్టండి

రొద్దం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా వ్యాపారమే ఎదురొస్తుంది. హిందూపురం వైపు వెళ్తే చింతపండు, బెల్లం. ధర్మవరం వైపు వెళ్తే పట్టుచీరలు. పెనుకొండ వైపు వెళ్తే 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీ, దాని చుట్టూ పుట్టిన చిన్నాచితకా వ్యాపారాలు. ఈ వ్యాపారుల్లో వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్లను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: దాన్ని చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు?

“మా మేనల్లుడు బెంగళూరులో ఉండాడు, అంతా వాడే చూసుకుంటాడు” అంటాడు మామ. “మామ చెప్తేనే కదా చేసేది” అంటాడు మేనల్లుడు. ఈ ఇద్దరి మధ్య సైట్ దిక్కులేనిదైపోతుంది.

తెల్లారేసరికి అంగడి తెరిచి, వాకిలి ఊడ్పించి, లెక్క పైసాతో సహా సరిచూసుకునే మనిషి, స్క్రీన్ మీద ‘14 అప్‌డేట్లు ఉన్నాయి’ అని కనబడితే మాత్రం ‘తర్వాత చూద్దాం’ అని మూసేస్తాడు. బద్ధకం అనుకుంటే పొరపాటే. నొక్కితే ఏం ఊడిపోతుందోనన్న భయం అది. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. దాన్ని పద్ధతిలో పెట్టుకోవడమే నేర్వాల్సిన విద్య.

ఆలస్యం చేస్తే

2017 మార్చి 14, మంగళవారం. విండోస్‌లో బయటపడిన ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది. మనవాళ్లు మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు గానీ, ఆ కంపెనీ ప్రతి నెలా రెండో మంగళవారమే సవరణలు ఇస్తుంది. సరిగ్గా అదే లోపంలోంచి మే 12, శుక్రవారం నాడు వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం దూరింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మందు వచ్చిన రోజుకూ రోగం వచ్చిన రోజుకూ మధ్య ఎనిమిది వారాలకు పైనే గడువుంది.

అదే ఏడాది జనవరి 26న, వెబ్‌సైట్లను నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌కు 4.7.2 వెర్షన్ వచ్చింది. అందులో సరిచేసిన పెద్ద లోపం సంగతిని తయారీదారులు వెంటనే చెప్పలేదు. సైట్లు తమంతట తాము అప్‌డేట్ అయ్యేందుకు దాదాపు వారం ఆగి ఫిబ్రవరి 1న బయటపెట్టారు. ఆ తర్వాత కొద్దిరోజుల్లోనే, అప్‌డేట్ కాని సైట్లలో పది లక్షలకు పైగా పేజీల మీద ఎవరెవరో తమ రాతలు రాసిపోయారు.

ఇక్కడో కిటుకు గమనించండి. సవరణ విడుదలైందంటే లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసినట్టే. ఫలానా కంపెనీ బీగం చీలతో తెరుచుకుంటుందని సంతలో దండోరా వేశాక, అదే బీగం వేసుకుని నిద్రపోవడం లాంటిది ఆలస్యం. ‘మాది చిన్న సైట్, మా జోలికి ఎవరొస్తారు?’ అన్న ధీమా పనికిరాదు. వెతికేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. వాటికి మీ అంగడి పేరుతో పనిలేదు, పాత వెర్షన్ కనబడితే చాలు.

తొందరపడితే

2024 జులై 19, ఇదీ శుక్రవారమే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తప్పున్న అప్‌డేట్ ఒకటి పంపింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మూలనపడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

2020 ఆగస్టు 11న వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 తోనూ కొందరికి తిప్పలు తప్పలేదు. పాత కోడ్‌కు ఆసరాగా ఉన్న ఒక భాగాన్ని అందులో తీసేశారు. దాంతో పాత థీమ్‌లు (సైట్ రూపాన్ని నిర్ణయించేవి), ప్లగిన్లు (అదనపు పనులకు తగిలించుకునేవి) వాడుతున్న సైట్లలో మెనూలు, బటన్లు మొరాయించాయి.

కాబట్టి రెండు నియమాలు పెట్టుకోండి. భద్రతా సవరణ అయితే ఆ రోజే, లేదా మర్నాడు. కొత్త హంగులతో వచ్చే పెద్ద వెర్షన్ అయితే ఒకటి రెండు వారాలు ఆగి, నలుగురూ వాడాక. ఏది ఏ రకమో విడుదల వివరాల్లోనే రాసి ఉంటుంది. రెండు నిమిషాలు చదవండి.

ఆరు అలవాట్లు

1. వారం, గంట ఖాయం చేయండి. అంగడిలో సందడి తగ్గే మధ్యాహ్నం మంచిది. తేడా వస్తే సరిచేయడానికి పగలు మిగిలి ఉంటుంది. చీరల వ్యాపారులు వరలక్ష్మీ వ్రతం ముందు వారాల్లో, పెళ్లి ముహూర్తాల రోజుల్లో పెద్ద వెర్షన్ల జోలికి వెళ్లవద్దు. భద్రతా సవరణకు మాత్రం ఏ మూఢమూ లేదు.

2. ముందు బ్యాకప్. ఫైళ్లు, డేటాబేస్ రెండూ ఉండాలి. ఒక కాపీ హోస్టింగ్ కంపెనీ దగ్గర కాకుండా మీ దగ్గరుండాలి. దాన్నుంచి సైట్‌ను తిరిగి నిలబెట్టి ఒకసారి పరీక్షించండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకండి.

3. ఒక్కొక్కటిగా చేయండి. పద్నాలుగూ ఒకేసారి నొక్కితే దేనివల్ల పాడైందో తేలదు. ఒకటి చేసి, సైట్ చూసి, రెండోదానికి వెళ్లండి. హోస్టింగ్‌లో పరీక్ష కాపీ పెట్టుకునే వీలుంటే ముందు అక్కడ చేయండి.

4. కొనేవాళ్ల కళ్లతో చూడండి. మొదటి పేజీ కనిపిస్తే సంబరపడకండి. ఫోన్‌లో తెరవండి, ఒక చీర ఎంచుకోండి, యూపీఐతో డబ్బు కట్టేదాకా వెళ్లండి. ఆర్డర్ మెసేజ్ మీకు చేరిందా? ధర సరిగా ఉందా?

5. వాడనివి తీసేయండి. ఏళ్లుగా అప్‌డేట్ రాని ప్లగిన్‌కు బదులు వేరేది చూసుకోండి. డబ్బు కట్టాల్సిన థీమ్‌ను ‘ఫ్రీ’గా ఎవరో ఇస్తే తీసుకోవద్దు. అందులో చొరబాటు కోడ్ దాచి ఇవ్వడం వాళ్లకు మామూలే.

6. పుస్తకంలో రాయండి. తేదీ, ఏది మార్చారు, ఏ వెర్షన్, ఏమైంది. నాలుగు గళ్లు చాలు. డొమైన్, హోస్టింగ్ ఎవరి పేరున ఉన్నాయి, ఎప్పుడు రెన్యువల్ చేయాలి అన్నదీ మొదటి పేజీలోనే ఉండాలి. ఆ పేరు మీదే కావాలి.

‘అన్నీ వాటంతట అవే అయిపోతాయట కదా’ అనేవాళ్లూ ఉన్నారు. నిజమే. వర్డ్‌ప్రెస్‌లో చిన్న సవరణలు 2013 నుంచి వాటంతట అవే పడుతున్నాయి. ప్లగిన్లకూ అలా పడేలా ఒక మీట 2020లో వచ్చింది. ఆటోమేటిక్ అప్‌డేట్‌తో సైట్ కుప్పకూలితే ప్లగిన్‌ను పాత వెర్షన్‌కు తిప్పే ఏర్పాటు 2024లో చేశారు. మీట వేసుకోండి. కానీ ధర తప్పు పడినా, ఫారం మెసేజ్ రాకపోయినా అది పసిగట్టలేదు. చూసే కన్ను మీదే.

మొహమాటం పక్కన పెట్టండి

సైట్ చూసేది బంధువైనా, స్నేహితుడైనా, ఏజెన్సీ అయినా డబ్బివ్వండి. ఊరికే చేసే పనికి గడువు పెట్టడానికి మనకు నోరు రాదు, చేసేవాడికి గుర్తుండదు. నెలకు ఇంత అని మాట్లాడుకుంటే అడిగే హక్కు మీకు, చేసే బాధ్యత అతనికి.

అడిగేటప్పుడు ‘అంతా బాగుందా?’ అనకండి. ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. ‘చివరి బ్యాకప్ ఏ తేదీది? ఆగిన అప్‌డేట్లు ఏవి? ఎందుకు ఆపావు?’ అనండి. వీటికి జవాబుగా తేదీలు, పేర్లు, కారణాలు చెప్పాల్సిందే.

ఇంకొక్క మాట. అప్‌డేట్ వల్ల సైట్ అరగంట ఆగిందని అతని మీద కేకలేస్తే, వచ్చేసారి అప్‌డేట్ చేయడం మానేస్తాడు. ఏం చేస్తే ఆగిందో పుస్తకంలో రాయించండి. తప్పు చెప్పినవాడికి చోటున్న అంగడిలోనే తప్పులు త్వరగా బయటపడతాయి.

వాయిదా వేయడం నేరమేమీ కాదు. పెద్ద వెర్షన్‌కు వాయిదా కావాలి కూడా. ‘వచ్చే మంగళవారం మూడు గంటలకు’ అంటే అది నిర్ణయం. తేదీ లేకుండా ‘తర్వాత’ అంటే ఆ తేదీని దొంగ పెడతాడు. లైసెన్సు రెన్యువల్‌కైనా, షుగరు పరీక్షకైనా ఇదే సూత్రం. ఈ వారం ఏ రోజు, ఎన్ని గంటలకు? ఆ రెండూ రాసుకున్నాకే పేజీ తిప్పండి.