ముసలి కుక్కకు పడుచుదనం తిరిగి వచ్చునా?

మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ వంటి చోట్ల, మేడ మీద కాపురముండే ఇళ్లలో పదేళ్లు దాటిన పెంపుడు కుక్క మెట్ల దగ్గరే చతికిలబడుట తరచుగా కనిపించును. గేటు చప్పుడైనను తల ఎత్తదు. కొన్ని నెలల తరువాత అదే కుక్క తోక ఆడించుచు మెట్లెక్కి వచ్చినచో ఇంటిల్లిపాదికీ పండుగే. మరి దాని వయస్సు వెనుకకు మళ్లినట్లేనా?

సుశ్రుతుడు ఆకలి, దప్పిక, నిద్రలతో పాటు ముసలితనాన్ని కూడ స్వాభావిక వ్యాధులలో చేర్చెను. తగిన రక్షణ ఉన్నను కాలవశాన వచ్చునది కాలకృతం; రక్షణ లోపించి ముందుగానే వచ్చునది అకాలకృతం. మనుష్యుల కొరకు చెప్పినదే అయినను ఈ విభాగం కుక్కకు చక్కగా అన్వయించును. వెనుకకు మళ్లునది రెండవదే.

అకాల వార్ధక్యానికి స్థూలత్వం పెద్ద కారణం. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జంటలుగా విభజించి, ప్రతి జంటలో ఒకదానికి నాలుగవ వంతు ఆహారం తగ్గించి జీవితాంతం పరిశీలించిరి. 2002లో వెలువడిన ఫలితాలలో మితాహారం తిన్నవాటి మధ్యగత ఆయుర్దాయం 13 సంవత్సరాలు, తక్కినవాటికి 11.2. కీళ్లవాతం కూడ వాటికి ఆలస్యంగా వచ్చెను. కనుక మిగిలిన పెరుగన్నమంతా కుక్క గిన్నెలో వేయు అలవాటు మానవలెను. వీపు ప్రక్కల మెల్లగా నిమిరినచో ప్రక్కటెముకలు చేతికి తెలియవలెను. నున్నని బండలపై కాళ్లు జారకుండ గోనెపట్టా పరచవలెను. పాచి పట్టి చిగుళ్లు వాచిన కుక్క నొప్పితో మందకొడిగా ఉండును. పళ్లకు వైద్యం జరిగిన పిమ్మట దాని హుషారు చూడదగినది!

రసాయనమని చ్యవనప్రాశ, ద్రాక్షారిష్టం పెట్టరాదు. రెండింటిలోను ద్రాక్ష కలదు. అది కుక్క మూత్రపిండాలను చెరచగలదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నశింపజేయును. పారాసిటమాల్ కూడ ఇంటివైద్యంగా ఇవ్వరాదు.

పేరు, చిరునామా లేని కీళ్లనొప్పుల పొడి తినిపించిన రెండు రోజులకే కుక్క గంతులు వేసినచో సంతోషించుటకు ముందు అనుమానించవలెను. అట్టి పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు బయటపడినవి. ఉత్సాహంతో పాటు విపరీతమైన ఆకలి, దాహం, మాటిమాటికి మూత్రం ఉన్నచో పశువైద్యునికి చూపి రక్త, మూత్ర పరీక్షలు చేయించవలెను. పొడి పొట్లం వెంట తీసికొనిపోవలెను. చాలా రోజులు వాడియున్నచో ఒక్కసారిగా ఆపక, వైద్యుడు చెప్పిన విధంగా క్రమంగా తగ్గించవలెను.