నీడాకు ఎందుకంత పచ్చగా ఉంటుంది?

మామిడి చెట్టు కింద పెరిగిన మల్బరీ ఆకు ముదురు పచ్చగా ఉంటే మంచి ఆకు అని చాలామంది కోసేస్తారు. ఆగండి.

ఆకులో పత్రహరితం ఊరికే ఉండదు, కొన్ని ప్రోటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. చేపల వలలాగా అవి వెలుతురును పట్టి, తిండి తయారయ్యే చోటికి అందిస్తాయి. నీడలో వెలుతురు తక్కువ కదా, చెట్టు వల పెద్దది చేస్తుంది. ఎండలో ఆ ప్రోటీన్లు తగ్గించి చిన్నది చేస్తుంది. దీనికి రోజులు పడుతుంది. మధ్యాహ్నం ఎండ ఒక్కసారిగా పెరిగితే అంత టైము ఉండదు. అప్పుడు అవే ప్రోటీన్లు నిమిషాల్లో తీరు మార్చుకుని, మిగులు వెలుతురును వేడిగా వదిలేస్తాయి. లేకుంటే ఆకు లోపలే దెబ్బతింటుంది.

అంటే నీడాకు వల పెద్దది, చేపలు మాత్రం తక్కువ. ఆకు పల్చన, నీరెక్కువ, చక్కెర తక్కువ. నాలుగో జ్వరం లేచిన పురుగుకు అది చాలదు, గూడు తేలికవుతుంది. ఐదో దశకు ఎండ తగిలే వరుసల ఆకే కోయండి. మా మనలి రోడ్ల పక్క తోటల్లాగా లారీ దుమ్ము పట్టిన ఆకుకూ వెలుతురు సరిగా అందదు.

నత్రజని చాలకపోతే కింది ఆకులు పసుపెక్కేదీ ఇందుకే: చెట్టు ఆ ప్రోటీన్లను విరిచి, నత్రజనిని చిగుళ్ళకు పంపుకుంటుంది.