కాలువ లెక్క, కౌలు లెక్క

కాకినాడలో సివిల్ రెండో ఏడాది చదువుతున్న మనవడు మొన్న ఫోన్ చేసి, "తాతయ్యా, ఎకనామిక్స్ మైనర్ తీసుకోమంటావా?" అని అడిగాడు. గోదావరి కాలువల మీద ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేసినవాణ్ని. వాడికి చెప్పిందే, ఆ వయసు పిల్లలందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

1. ధవళేశ్వరం ఆనకట్ట కోసం కాటన్ దొర కంపెనీ ప్రభుత్వానికి రాసింది రాయి, సున్నం లెక్క ఒక్కటే కాదు. కావేరి నీళ్లు పారే తంజావూరు శిస్తునూ, కరువులతో చితికిపోయిన రాజమండ్రి జిల్లా శిస్తునూ పక్కపక్కన పెట్టి చూపించాడు. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. డబ్బిచ్చేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగాడు కాబట్టే మన డెల్టా పచ్చబడింది.

2. మా రోజుల్లో ప్రాజెక్టు ఎస్టిమేట్‌కి బీసీ రేషియో (లాభానికీ ఖర్చుకీ నిష్పత్తి) జత చేసేవాళ్లం. 1.5 రావాలి, కరువు ప్రాంతమైతే 1 చాలు. పాత ఫైలు చూసి నింపేసేవాణ్ని. ఆ లాభం ఎవరికి చేరుతుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

3. ఆలోచన నేర్పినవాడు ఒక కౌలు రైతు. కోనసీమలో ఒక మురుగు కాలువకి గుర్రపుడెక్క లాగించి, పూడిక తీయించాం. ఆ ఏడు సార్వా చేలు మునగలేదు. సంతోషంగా గట్టు మీద నడుస్తుంటే ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "మురుగు బాగా లాగుతోందండి. అందుకే మా ఆసామి ఎకరానికి రెండు బస్తాలు కౌలు పెంచేశారండి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మునుగుతుందన్న భయం పోయిన చేనుకి గిరాకీ పెరుగుతుంది. చేను తక్కువ, చేసుకునేవాళ్లు ఎక్కువ అయినచోట ఆ పెరుగుదలంతా భూమి గలాయనకే పోతుంది. ఇదే సంగతి ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లోనే రాశాడని రిటైరయ్యాక తెలిసింది. ముందే తెలిసుంటే కాలువ తవ్వడం మానేవాణ్ని కాదు. కౌలు సంగతి కూడా ఫైల్లో రాసేవాణ్ని.

4. 2011లో కోనసీమ రైతులు సార్వాకి నాట్లు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. మురుగు బాధ, పెరిగిన కూలి, గిట్టని ధర. నీళ్లిస్తే చాలు, రైతు నాటుతాడని నమ్మినవాళ్లం మేం.

5. ఇక చదువు సంగతి. జేఎన్‌టీయూకే ఆర్20 నిబంధనల్లో బీటెక్‌కి 160 క్రెడిట్లు, మైనర్‌కి ఆ పైన మరో 20 ఉండేవి; మీ బ్యాచ్‌కి ఎన్నో చూసుకోండి. బ్యాక్‌లాగులుంటే మైనర్ జోలికి పోవద్దు. ఫ్లూయిడ్ మెకానిక్స్ రాని ఇంజనీరు మాట లాకుల దగ్గర లస్కరు కూడా నమ్మడు. రెజ్యూమెలో ఒక లైను కోసమైతే అసలే వద్దు. పాఠం చెప్పడానికి సరైన మాస్టారు ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) ఎలాగూ చాలామందికి ఉంటుంది. పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టి మర్నాడు మర్చిపోతారు. మైనర్ తీసుకోనివాళ్లు కనీసం దాన్నైనా శ్రద్ధగా చదవండి.

6. ఇంజనీరుకి ఎకనామిక్స్ ఎందుకు అనుకోకండి. విశ్వేశ్వరయ్యగారూ సివిల్ ఇంజనీరే. దేశానికి ప్రణాళికతో నడిచే ఆర్థిక వ్యవస్థ కావాలని 1934లో ఆయన పుస్తకమే రాశారు.

మా వాడికి బ్యాక్‌లాగులు లేవు. తీసుకో నాన్నా అన్నాను. సెలవులకి రా, ధవళేశ్వరం నుంచి కాలువ గట్టు వెంట ఆఖరి చేను దాకా వెళ్దాం. అక్కడ నీళ్లు ఎన్నింటికి వస్తాయో నేనడుగుతాను, కౌలు ఎన్ని బస్తాలో నువ్వడుగు.